ఏడాదంతా ఆయుధపూజ

మా ఫ్యాక్టరీ బేరింగులు చేయడం మానేసింది నా వల్లే. ఈ మాట గొప్పకోసం చెప్పడం లేదని మొదట రాశాను. మళ్లీ చదువుకుని ఆ వాక్యం కొట్టేశాను. గొప్పకోసమే చెబుతున్నాను. ఫ్యాక్టరీలు నడిపిన ఇంజనీర్లు ఊరికి పదిమంది ఉంటారు. సమ్మె లేకుండా, నష్టం రాకుండా, కరెంటువాళ్లు ఫ్యూజు పీక్కుపోకుండా, కేవలం మెరుగుపరిచి మెరుగుపరిచి ఒక ఫ్యాక్టరీని ఆపగలిగినవాడు నాకు తెలిసి నేనొక్కణ్ణే.

నా పేరు శశిభూషణ్. పటాన్‌చెరు దాటాక హైవే పక్కన కనిపించే చక్రనేమి బేరింగ్స్‌లో ప్రాసెస్ ఇంజనీరుని. ప్రాసెస్ ఇంజనీరంటే ఏం చేస్తాడని మా అత్తగారు పెళ్లిచూపుల్లో అడిగారు. పనిచేసేవాళ్ల పక్కన నిలబడి, ఆ పని ఇంకా బాగా ఎలా చేయొచ్చో చెబుతాడని వివరించాను. "అయితే పని మీరు చెయ్యరన్నమాట," అన్నారావిడ. ఆ అభిప్రాయం మార్చుకునే అవకాశం నేనావిడకు ఈనాటికీ ఇవ్వలేదు.

బేరింగంటే మరేం లేదు. రెండు ఉక్కు రింగులు, వాటి మధ్య కొన్ని గుండ్లు. ఫ్యానులో, పిండిమరలో, నీళ్ల పంపులో, తిరిగేదేదైనా దాని లోపల ఇదొకటి ఉంటుంది. బాగున్నంతకాలం ఉందనే సంగతి ఎవరికీ తెలియదు. పాడైతే గర్రుమంటుంది, అప్పుడందరూ తిడతారు. ప్రాసెస్ ఇంజనీరు బతుకూ ఇంచుమించు అంతే.

మా దగ్గర పాత పద్ధతి ఇలా ఉండేది. రింగును కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. తర్వాత దాని గాడిని గ్రైండింగు రాయితో అరగదీస్తారు. అరిగేటప్పుడు వేడి పుడుతుంది కాబట్టి నూనె కలిపిన నీళ్లు ధారగా పోస్తూనే ఉండాలి. ఆ నీళ్లు, ఉక్కుపొడి, రాతిపొడి కలిసి నల్లటి బురద అవుతుంది. దాన్ని మళ్లీ వాడుకోలేం, ఎక్కడా పారబోయలేం. అందుకని వెనక గోడ పక్కన పెద్ద గుంట తవ్వి అందులో పోస్తూ వచ్చాం. ఆ గోడకు అవతలే కొమురయ్య ఇల్లు.

కొమురయ్య మా గ్రైండింగు షాపు ఫోర్‌మన్. నుదుటిన రూపాయంత బొట్టు, గొంతెత్తితే మిషన్ల చప్పుడు వినపడదు, లోకంలో తనకు తెలియని విషయం లేదని గట్టి నమ్మకం. వాళ్ల దండెం మీది బట్టలకు ఆ గుంట కంపు పట్టేది. అందుకు రాత్రి వాళ్లావిడ పెట్టే చీవాట్లను కొమురయ్య తెల్లారి షిఫ్టుకు రాగానే నాకు అప్పజెప్పేవాడు, ఒక్క మాట తగ్గకుండా.

ఆ గుంట పూడ్చాలన్నదే నా సర్వీసు మొత్తంలో నేను మనసారా కోరుకున్న కోరిక. అందుకోసం ఏడో నంబరు మిషను తెప్పించాను. గట్టిపడ్డ రింగును రాయితో అరగదీయడం కాకుండా, వజ్రానికి దగ్గర చుట్టమైన ఒక మొనతో నేరుగా చెక్కుతుందది. నీళ్ల ధార అక్కర్లేదు. చెంచాడు నూనెను గాలితో కలిపి ఊదితే చాలు. బురద రాదు. జంతికల గొట్టంలోంచి దిగినట్టు పొడి పొడి ఉక్కు చుట్టలు వస్తాయి, కరిగిస్తే మళ్లీ ఉక్కే. మా సరుకులో పెద్ద వాటా కొనే విదేశీ కంపెనీ ఒక మాటిచ్చింది. పండగ సెలవులు పోగా ఏడో నంబరు ఉగాదిదాకా ఆగకుండా నడిచి, ఆ రింగులు తమ పరీక్షలకు తట్టుకుంటే, మిగతా మిషన్లన్నీ ఇదే పద్ధతికి మార్చుకోవచ్చునంది. అప్పుడిక గుంటతో పని లేదు. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని ఏడో నంబరును నడపనివ్వడం. అది నా వల్ల కాలేదు.

నా పద్ధతి ఎంత మంచిదో అందరికీ కనపడాలని ఒక సూచిక తయారుచేశాను. ఏ మిషను ఎంత కరెంటు తిన్నది, ఎంత నూనె తాగింది, ఎన్ని నీళ్లు పాడుచేసింది, ఎంత బురద కక్కింది, అన్నీ కలిపి ఒకే అంకె. దానికి 'భారసూచిక' అని నామకరణం చేసి, ఆఫీసు గుమ్మంలో పెద్ద తెర పెట్టించాను. భారం ఎక్కువైతే ఎరుపు, మధ్యస్తమైతే పసుపు, తక్కువైతే ఆకుపచ్చ. అసలు ఆ అంకెను ఆ రోజు తయారైన బేరింగులతో భాగించాలి. ఇది ఐదో తరగతి లెక్క. మొదట భాగించాను కూడా. అయితే సెలవు రోజున బేరింగులు సున్నా. సున్నాతో భాగిస్తే తెర మీద 'తప్పు' అని అక్షరాలు పడేవి. ఎండీ గారు నడిచే దారిలో తప్పు అనే మాట ఉండటం మర్యాద కాదని జనరల్ మేనేజరు ఉపేంద్రనాథ్ గారు సెలవిచ్చారు. సరేనని భాగించడం తీసేశాను. తప్పు పోయింది.

దసరా వెళ్లిన వారానికి సమీక్షా సమావేశం పెట్టారు. విదేశీ కంపెనీ తరఫున పర్యావరణ లెక్కలు చూసే సుస్థిరతా సలహాదారు ప్రభంజన్ గారు వచ్చారు. ఆయన బేరింగును దగ్గర్నుంచి చూసినట్టు లేదు గాని, పటాల మీద గీతలు మాత్రం చాలా శ్రద్ధగా చూస్తారు. తెర మీద ఏడాది మొత్తం ఎర్రగా ఉంది. ఏడో నంబరు ఒక్కటే పసుపుపచ్చగా ఉంది. దాన్ని చూపించడానికి పుల్ల పట్టుకుని లేచానో లేదో, ప్రభంజన్ గారు ఇంకోచోట వేలు పెట్టారు. అక్కడ ఒక్క రోజు, కొస నుంచి కొసదాకా, నవనవలాడే ఆకుపచ్చ. మిషన్లన్నిటికీ సున్నా. ఆదివారాలు కూడా కొలిమి కొంచెం వెచ్చగా ఉంచుతాం కాబట్టి అంత సున్నా ఎప్పుడూ రాదు. ఆ రోజు మెయిన్ స్విచ్చే కట్టేశాం. అది ఆయుధపూజ రోజు.

"ఆ రోజు మీరు పాటించిన విధానం ఏమిటి?" అని ప్రభంజన్ గారు అడిగారు.

సెలవండీ అనాలి. మూడక్షరాల మాట, ఒక 'అండీ'. కానీ నిండు సభలో ఎండీ గారు నా వైపు చూసి నవ్వుతున్నారు. ఆయన నన్ను చూసి నవ్వడం నేను ఉద్యోగంలో చేరాక అదే మొదలు. పూజ చేశామండీ అన్నాను. అది అబద్ధమేం కాదు. ఈ ఆలోచన ఎవరిదని ప్రభంజన్ గారడిగారు. నేను తల వంచుకుని, ఒక్కడి ఘనత కాదండీ, అందరిదీ అన్నాను. ఆ వినయం చూసి ఆలోచన నాదేనని అందరూ స్థిరపరచుకున్నారు.

ఉపేంద్రనాథ్ గారు లేచారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలియదు గాని, సమావేశంలో మాత్రం సర్క్యులరు చదివినట్టే మాట్లాడతారు. "సంస్థ చరిత్రలో అత్యుత్తమ దినము గుర్తించబడినది. తద్దినమున అనుసరించబడిన ఉత్తమ ఆచరణను యావత్ షాపులకును విస్తరింపజేయవలసిన ఆవశ్యకత ఏర్పడినది," అన్నారు.

ఆచరణ వివరించడానికి కొమురయ్యను పిలిపించారు. ఏటా పూజ జరిపించేది అతనే. చేతులు తుడుచుకుంటూ వచ్చి, అంతమంది పెద్దవాళ్లు తనను పూజ గురించి అడగడంతో ఉబ్బిపోయాడు. మిషన్లను కిరసనాయిలుతో కడగడం, పసుపు కుంకుమ, బంతిపూల దండలు, కలశం పెట్టడం, గుమ్మడికాయ కొట్టడం, చక్రాల కింద నిమ్మకాయలు, ఏదీ వదలకుండా చెప్పాడు. ప్రభంజన్ గారు అన్నీ రాసుకున్నారు. మరి మిషను ఎప్పుడు ఆపుతారని అడిగారు.

"పూజ జేసిన మిషన్‌ను ముట్టద్దు సార్. కలశానికి ఉద్వాసన జెప్పిందాక స్విచ్చి మీద చెయ్యి వెయ్యద్దు," అన్నాడు కొమురయ్య.

ఉద్వాసన ఎవరు చెబుతారు? తానే చెబుతానన్నాడు. అక్కడ ఉపేంద్రనాథ్ గారి మొహం మారింది. ఒక ఫోర్‌మను స్థాయి ఉద్యోగి, ఎవరి ఆమోదమూ లేకుండా, ఆకుపచ్చగా ఉన్న ఫ్యాక్టరీని తన నోటిమాటతో మళ్లీ ఎరుపులోకి తోస్తున్నాడన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ క్షణమే ఉద్వాసన కమిటీ ఏర్పాటైంది. కమిటీ ఆమోదం లేనిదే ఏ కలశమూ కదలరాదు. అధ్యక్షుడిగా నన్ను వేశారు. నేను అభ్యంతరం చెప్పడానికి లేచాను. అప్పుడు నా కొత్త హోదా చదివారు: ఉప ప్రధానాధికారి, నిశ్చలత. ఏసీ ఉన్న గది కూడా ఇస్తారట. లేచినవాణ్ణి నమస్కారం పెట్టి కూర్చున్నాను.

ముందు ఒకటో బేకు, అంటే మొదటి వరస మిషన్లకు, పూజ చేశారు. ఆకుపచ్చ అయింది. కార్తీకానికి రెండో బే, ధనుర్మాసానికి కొలిమి. కొమురయ్య ఉదయమే స్నానం చేసి, పట్టు పంచె కట్టుకుని షాపులోకి వచ్చేవాడు. పక్క ఫ్యాక్టరీల నుంచి పద్ధతి నేర్చుకోవడానికి బృందాలు వచ్చేవి. వాళ్ల ముందు గుమ్మడికాయను ఏ కోణంలో కొట్టాలో అతను చూపిస్తుంటే నేను పక్కన నిలబడి చప్పట్లు కొట్టించేవాణ్ణి. ఏ షాపుకైనా ఉద్వాసన కోరుతూ విన్నపం వస్తే, ఉత్పత్తి జరగవలసిన కారణాలు తృప్తికరంగా లేవని తిప్పి పంపేవాణ్ణి. తృప్తికరమైన కారణం ఎలా ఉంటుందో నాకూ తెలియదు.

మరి జీతాలెలా అని మీరడగొచ్చు. మేమూ అడిగాం. బేరింగులు అమ్మితే వచ్చేదానికన్నా, చేయని బేరింగుల వల్ల లోకానికి తప్పిన భారాన్ని అమ్మితే ఎక్కువ వస్తోందని లెక్కలవాళ్లు చెప్పారు. విదేశీ కంపెనీలో కొనుగోలు విభాగం వాళ్లు బేరింగులెక్కడ అని రోజూ అడిగేవాళ్లు. అదే కంపెనీలో సుస్థిరతా విభాగం వాళ్లు రోజూ అభినందించేవాళ్లు. మేము అభినందనలకే జవాబిచ్చేవాళ్లం, అందులో మర్యాద ఎక్కువ కనక.

సంక్రాంతి దాటేసరికి మెరుగుపరచడానికి ఏమీ మిగల్లేదు. మెరుగుపరచనిదే నిశ్చలత శాఖకు పని లేదు. అందుకని పూజనే మెరుగుపరచసాగాను. కిరసనాయిలు నూనె పద్దులోకి వస్తుంది కాబట్టి పొడిగుడ్డతో తుడవమన్నాను. కర్పూరం పొగ ఇస్తుంది కాబట్టి హారతి పళ్లెం ఖాళీగా తిప్పమన్నాను. నాలుగు మిషన్లకు ఒక్క నిమ్మకాయ చాలునని లెక్కగట్టాను. కాయను ఒక మిషను చక్రం కింద ఉంచి మిగతా మూడింటికి చూపిస్తారు. గుమ్మడికాయ వ్యర్థం ఎక్కువ కాబట్టి, కొట్టినట్టుగా చెయ్యి ఆడిస్తే సరిపోతుందని సర్క్యులరు పంపాను. ఆ సర్క్యులరు పట్టుకుని కొమురయ్య నా ఏసీ గదిలోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ముందుగాల పని తీసుకున్నరు. సరే, పూజ అన్న ఉన్నది గదా అనుకున్న. ఇప్పుడు పూజ గూడ తీసుకుంటున్నరు. మరి మేమేం జెయ్యాలె సార్?"

వేచి ఉండటమే పని అన్నాను. ఆ మాట నా నోటికి ఉపేంద్రనాథ్ గారి గొంతుతో వచ్చింది. ఆయన దగ్గర కూర్చుని కూర్చుని నాకూ ఆ జబ్బు అంటుకుంది.

ఇంతలో తెర మీద ఒకే ఒక్క పసుపుపచ్చ గీత మిగిలింది. ఏడో నంబరు. ఉగాదికి ఇంకా నెలన్నర ఉంది. రింగులు చక్కగా వస్తున్నాయి, పరీక్షలకు పంపినవి పంపినట్టే నెగ్గుతున్నాయి. అందరూ పచ్చగా ఉన్నచోట ఇదొక్కటీ కళ్లలో నలుసులా ఉందన్నారు ఎండీ గారు. ప్రభంజన్ గారు నా సూచికను నాకే చూపించి, ఫ్యాక్టరీ భారం మొత్తానికి ఏడో నంబరే కారణమన్నారు. నిజమే. మిగతావేవీ తిరగడం లేదు కదా. ఇది ఉగాదిదాకా ఆగకూడదండీ, ఇది నడిస్తేనే గుంట పూడుతుందండీ అని చెప్పబోయాను. గుంట ఎప్పుడో ఎండిపోయిందయ్యా, నీ ఆశయం నెరవేరినట్టే కదా అన్నారు ఉపేంద్రనాథ్ గారు. ఆయన సర్క్యులరు భాష వదిలి మనిషిలా మాట్లాడింది ఆ ఒక్కసారే.

ఏడో నంబరుకు పసుపు నేనే రాశాను. కలశం నేనే పెట్టాను. స్విచ్చి కట్టేశాక లోపల చక్రం చాలాసేపు తిరిగి తిరిగి ఆగింది. నాకు ఏడుపొచ్చింది. ఏసీ గదిలోకి వెళ్లి ఏడ్చాను. ఆ గది ఎందుకిచ్చారో అప్పుడు తెలిసింది. మర్నాడు తెర మొత్తం పచ్చబడింది, అందరికీ మిఠాయిలు పంచారు, నేను రెండు తిన్నాను.

ఎండిన గుంటను పూడ్చి దాని మీద మొక్కలు నాటించారు. కానుగ, గన్నేరు, వేప. కొమురయ్య ఇంటి వైపు గోడ పొడవునా చక్కగా ఉంది. బట్టలకు కంపు పోయి ఉంటుందే అని పలకరించాను.

"పది దినాలు పోయింది సార్. ఇప్పుడు మల్ల వస్తున్నది. గీ పక్క నుంచి కాదు, ముందట నుంచి," అన్నాడు.

రోడ్డుకు అవతలి ఫ్యాక్టరీకి మా ఆర్డర్లన్నీ వెళ్లాయట. మూడు షిఫ్టులు గ్రైండింగు చేస్తున్నారు. వాళ్లు మాకంటే పెద్ద గుంట తవ్వారు. ఆ బురద మా సూచికలోకి రాదు కాబట్టి ఈ విషయం ఎక్కడా నమోదు కాలేదు.

ఎండలు మొదలయ్యాక జాతీయ స్థాయి పురస్కారానికి మా పేరు వెళ్లింది. కమిటీ స్వయంగా చూడ్డానికి వస్తుందని కబురొచ్చింది. వాళ్లు చూసేది ముఖ్యంగా మొక్కల్నే, ఎందుకంటే ఫ్యాక్టరీలో చూడ్డానికి ఇంకేమీ జరగడం లేదు. సరిగ్గా అప్పుడే మొక్కలకు నీళ్లు తోడే పంపు గర్రుమంది. రెండు రోజులు అరిచి అరిచి ఆగిపోయింది. విప్పి చూస్తే బేరింగు పోయింది.

సూర్యుడి ధర్మమా అని సాయంత్రానికల్లా కానుగలు తలలు వేలాడేశాయి. బేరింగు కోసం స్టోర్సుకు మనిషిని పంపాం. స్టోర్సులో నిల్వ సున్నా సాధించినందుకు వాళ్లకు కిందటి నెలే పతకం ఇచ్చాం. బజారులో కొందామంటే, బయట కొన్న వస్తువు భారం కొన్నవారి పద్దులోనే పడాలని నిబంధన. ఆ నిబంధన రాసిందీ నేనే, నా దస్తూరీ నాకు గుర్తే. పైగా బేరింగుల కంపెనీ బేరింగు కొన్నదని పురస్కారం కమిటీకి తెలిస్తే బాగోదని ఉపేంద్రనాథ్ గారు భయపడ్డారు. బిందెలతో పోద్దామంటే, అన్ని బిందెలు మోసే మనుషులు నిశ్చలతా విధానాన్ని ఉల్లంఘించినట్టవుతుంది. అత్యవసర సమావేశం రెండు పూటలా జరిగింది. మొక్కలకు వేసవి నిద్ర అని బోర్డులు రాయించి పెడదామన్న ప్రతిపాదన దాదాపు నెగ్గింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు కొమురయ్య నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్లాడు. వేప మొక్క ఆకు ఒకటి తెంపి నా చేతిలో పెట్టాడు. అది పొడుం అయింది.

"ఇంత పెద్ద బేరింగుల కంపెనీల ఒక్క బేరింగు దొర్కది. ఇంట్ల మా ఆమె నవ్వుతున్నది సార్. మనం చెడగొట్టిన జాగ గిది. గిక్కడ నాలుగు చెట్లు బతకాలె గద. కమిటీకి మీరేనట గద పెద్ద, ఉద్వాసన జెప్పుండ్రి."

నిజమే, కమిటీకి నేనే పెద్దని. నాలుగు నెలలుగా తిప్పి పంపుతున్నవాణ్ణి నేనే కాబట్టి, ఒప్పుకోదగ్గవాణ్ణీ నేనే. ఈ సంగతి నాకు అంతవరకూ తట్టలేదు. ఏడో నంబరు దగ్గరికి వెళ్లి, దండం పెట్టుకుని, వాడిపోయిన కొబ్బరికాయతో సహా కలశాన్ని పక్కకు జరిపాను. కొలిమి ఆగకముందే కాల్చి పెట్టుకున్న రింగుల్లో ఒకటి బిగించి కొమురయ్య స్విచ్చి వేశాడు. మొదటి రింగు వంకర పోయింది. తప్పు మిషనుదని అతనూ, అతనిదని నేనూ కాసేపు వాదించుకున్నాం. ఆ వాదన ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాతి రెండు రింగులూ సరిగ్గా వచ్చాయి. చుట్టలు చుట్టలుగా ఉక్కు దిగుతుంటే ఇద్దరం పిల్లల్లా నోరు తెరుచుకుని చూశాం. గుండ్లు పాత నమూనాల పెట్టెలో దొరికాయి. తుడిచి, గ్రీజు పెట్టి, పంపులో బిగించాం. పంపు చప్పుడు లేకుండా తిరిగింది. గొట్టంలోంచి నీళ్లు కొమురయ్య చొక్కా మీద పడ్డాయి. ఉద్యోగంలో చేరాక నేను నా చేతులతో పూర్తిచేసిన వస్తువు అదొక్కటే. అత్తగారికి ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

పురస్కారం కమిటీ వచ్చేసరికి మొక్కలు తేరుకున్నాయి. కమిటీ పెద్ద ఇందుమతి గారు రిటైరైన లెక్కల ప్రొఫెసరు. అన్నీ చూసి తెర ముందు ఆగారు. పచ్చటి తెర మీద ఏడో నంబరు దగ్గర సన్నగా, పేనంత చుక్క. ప్రభంజన్ గారు గుర్తుపట్టారు, ఉపేంద్రనాథ్ గారి చెమట గుర్తుపట్టింది, ఎండీ గారు నా వైపు చూశారు. ఈసారి నవ్వడం లేదు.

"బేరింగు చేశానండీ. ఒకటి," అన్నాను.

హాలు చివర నిలబడ్డ కొమురయ్య తానూ చేశానని గట్టిగా చెప్పాడు. ఘనతైనా నేరమైనా వాటా వదులుకునే మనిషి కాదు. ఇందుమతి గారు కళ్లద్దాలు సవరించుకుని, బేరింగుకు ఎంత భారం పడిందో భాగించి చూపించమన్నారు. నేను మర్యాద కోసం తీసేసిన ఆ ఐదో తరగతి లెక్కను తిరిగి పెట్టాను. తెర మీది పచ్చదనం మొత్తం ఒక్కసారిగా పోయింది. ఏడో నంబరు ఆగిన నాటినుంచి ప్రతి రోజు దగ్గరా ఒకటే మాట: తప్పు, తప్పు, తప్పు. వారాల తరబడి తప్పు. మధ్యలో ఒక్క రోజు దగ్గర మాత్రం ఒక అంకె. ఏ ఫ్యాక్టరీలోనూ ఇంత చిన్న అంకె తాను చూడలేదన్నారు ఇందుమతి గారు. ఆ పద్ధతితో రోజూ చేయొచ్చు కదా అని కూడా అన్నారు.

ఆ చివరి మాట ఒక్కటీ పట్టుకుంటారని ఆశపడ్డాను. కానీ ఉపేంద్రనాథ్ గారు అప్పటికే లేచి నిలబడ్డారు. ప్రపంచంలోకెల్లా అల్పభారముతో బేరింగు ఉత్పత్తి చేసిన సంస్థగా చక్రనేమి అవతరించినది అన్నారు. ఈ రికార్డును కాపాడుకొనుట మన కర్తవ్యమన్నారు. చప్పట్లు మోగాయి. పురస్కారం వచ్చింది. విదేశీ కంపెనీ నా పద్ధతిని ఆమోదించింది, ఉగాదికి ముందే. నేను ఇంతకాలం కోరుకున్న ఆ కాగితం ఇప్పుడు నా గదిలో ఫ్రేము కట్టి ఉంది.

ఇక ఆ అంకెను దాటకూడదు కాబట్టి, ఏడాదికి ఒక్క బేరింగు చొప్పున చేయాలని ఎండీ గారు నిర్ణయించారు. ఏడో నంబరుకు అద్దాల గది కట్టించారు. ఆ ఒక్క బేరింగును మంచిరోజు చూసి చేయాలి. అన్నిటికన్నా మంచిరోజు, మన చరిత్రలో అత్యుత్తమ దినం ఏది? ఆయుధపూజ. ఏటా ఆ రోజున అతిథుల సమక్షంలో కొమురయ్య మిషను నడపాలి.

మొన్న దసరాకు ముందు కొమురయ్య సెలవు కావాలంటూ నా దగ్గరికి వచ్చాడు. ఏడాదంతా ఊరికే కూర్చుని, పనున్న ఒక్క రోజున సెలవేమిటయ్యా అన్నాను.

"ఆయుధపూజ నాడు పనిముట్లు ముట్టద్దు గద సార్," అన్నాడు.

సెలవిచ్చాను. ఈ ఏడాది బేరింగు చేయలేదు, రికార్డు చెక్కుచెదరలేదు, ఎండీ గారు సంతోషించారు.

రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లేముందు గోడ పక్కకు వెళ్లి పంపు మీద చెవి పెట్టి వింటాను. వేప మొక్క నా భుజందాకా వచ్చింది. పంపు ఇంకా గర్రుమనడం లేదు. ఎప్పుడో ఒకప్పుడు అంటుంది, బేరింగన్నాక అరగక తప్పదు. ఆ రోజు ఇంకో బేరింగు కావాలని ఉద్వాసన కమిటీకి విన్నపం పెట్టుకోవాలి. నన్ను నేను నమ్మలేను.